ప్లాట్లకు కొదవ లేదు, ఇళ్లకే కరువు

మీరు రాసిందాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. ఉద్యోగం బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో. బేగూరులో డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి జీతంలో మూడో వంతు పోతోంది. వారానికి రెండు రోజులే ఆఫీసు కాబట్టి హోసూరుకో, సొంతూరు హిందూపురానికో మారదామని చూస్తే అక్కడా అద్దెలు పెరిగాయి, ఉన్నవాటిలో నచ్చే ఇల్లు లేదు. ఊరి చుట్టూ ఇంత ఖాళీ నేల ఉండగా ఈ కొరత ఎక్కడిది అన్నది మీ మొదటి ప్రశ్న. చిన్న ఊళ్లలోనూ టవర్లు లేపితే తీరుతుందా, లేక ఆ ఊళ్లు కూడా బెంగళూరులా తయారవుతాయా అన్నది రెండోది. మూడోది మీ ఇంటి సంగతి: లేపాక్షి రోడ్డులో నాన్నగారు కొన్న మూడు సెంట్ల ప్లాటు, పాత ఊళ్లో తాతగారి పెంకుటిల్లు ఉన్నాయి, ఏది అమ్మాలి, ఏది ఉంచుకోవాలి అని.

నేను కేఆర్ పురంలో ఆఫీసు పెట్టుకుని ప్లాన్లు, ఎస్టిమేట్లు వేసే సివిల్ ఇంజినీరుని. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. అందులో సగం సరిహద్దు ఊళ్లదే: హోసూరు, బాగేపల్లి, చింతామణి, మదనపల్లె, మీ హిందూపురం. నాకు కనబడేది ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్లలో కొరత భూమికి కాదు. కొళాయి, మురుగు పైపు, బస్సు, బడి అందుబాటులో ఉన్న భూమికి. ఆ కాస్త భూమి కూడా ఎక్కువగా ఇల్లు కట్టే ఉద్దేశం లేనివాళ్ల చేతుల్లో ఉంది.

దేశం మొత్తమ్మీద చూసినా కథ ఇదే. 2012లో ఆర్థికవేత్త అమితాబ్ కుందూ అధ్యక్షతన కేంద్రం వేసిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత 1.88 కోట్లని తేల్చింది. అందులో గూడే లేనివాళ్లు 5 లక్షల చిల్లర. దాదాపు 1.5 కోట్లు ఇరుకు లెక్క కిందివి, అంటే ఇల్లు ఉంది గానీ మనుషులకు చాలదు. కొరతలో 95 శాతం పైగా పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలదే. దానికి ముందు ఏడాదే, 2011 జనాభా లెక్కల్లో, పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 1.1 కోట్లు తేలాయి. రెండు లెక్కలూ నిజమే. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఇప్పటికీ అందరం ఈ అంకెలతోనే వాదించుకుంటున్నాం.

ఇప్పుడు మీ ఊరి వెంచరుకు వద్దాం. ఎలా ఉంటుందో మీకు తెలుసు. రంగుల ఆర్చి, లోపల తారు రోడ్డు, తీగల్లేని కరెంటు స్తంభాలు, పసుపు రంగు మీద నంబర్లు వేసిన రాళ్లు, రాళ్ల మధ్య నడుమెత్తు వయ్యారిభామ. ఇందులో ఒక ఎకరం తీసుకోండి: 43,560 చదరపు అడుగులు. రోడ్లు, పార్కు, సామాజిక స్థలం పోను 55 శాతం మిగిలిందనుకుంటే 24,000 వస్తుంది, అంటే 30×40 సైట్లు 20. అన్నింట్లోనూ ఇంటికి నలుగురు చొప్పున కాపురముంటే ఎకరానికి 80 మంది, హెక్టారుకు 200. ఐదు సైట్లలోనే ఇళ్లు లేచి మిగతావి రాళ్లుగానే ఉంటే హెక్టారుకు 50 మంది. మైదాన ప్రాంతాల్లో చిన్న పట్టణాలకే హెక్టారుకు 75 నుంచి 125 మంది ఉండాలని 2014 నాటి కేంద్ర పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన వెంచరు అందులో కింది అంకెను కూడా అందుకోదు.

అదే 20 సైట్లలో కింద ఒకటి, పైన రెండు చొప్పున మూడేసి కుటుంబాలు ఉంటే? ఎకరానికి 240 మంది, హెక్టారుకు దాదాపు 600. లిఫ్టు అక్కర్లేదు, క్రేను అక్కర్లేదు, ఊళ్లో మేస్త్రీలు కట్టగలిగే ఇళ్లే. టవర్లు కావాలా అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం పైపులో ఉంది. రోడ్డుకు అటు పది, ఇటు పది సైట్లు. ఒక్కోదానికి ముఖం 30 అడుగులు. అంటే 300 అడుగుల పైపు వేయాలి. ఐదు ఇళ్లే ఉంటే ఇంటికి 60 అడుగుల పైపు ఖర్చు. అరవై కుటుంబాలుంటే కుటుంబానికి ఐదడుగులు. వీధి దీపానికీ, చెత్త బండికీ, సిటీ బస్సుకూ ఇదే లెక్క. మునిసిపాలిటీ వాళ్లు "మీ ఏరియాకు లైను ఇంకా రాలేదు" అన్నప్పుడు మనకు కోపమొస్తుంది గానీ, ఐదిళ్ల కోసం మూడు వందల అడుగులు తవ్వే స్తోమత ఏ చిన్న మునిసిపాలిటీకీ ఉండదు. లైను రాలేదు కాబట్టి ఇళ్లు కట్టరు, ఇళ్లు లేవు కాబట్టి లైను రాదు. ఈ ముడి విప్పకుండా ఊరి చుట్టూ ఇంకో పది వెంచర్లకు అనుమతిస్తే అద్దెలు పైసా తగ్గవు.

సైటు కొన్నవాళ్లు ఎందుకు కట్టరంటే, వాళ్లు ఇంటి కోసం కొనలేదు. మన వైపు ప్లాటు అంటే బీరువాలో బంగారం లాంటిది: అమ్మాయి పెళ్లికో, అబ్బాయి చదువుకో తీస్తారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, బ్యాంకు వడ్డీ కంటే నేల ధరే వేగంగా పెరిగిన కాలంలో బతికినవాళ్లు. పైగా ఖాళీగా ఉంచుకోవడానికి ఖర్చు దాదాపు లేదు. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల్లో ఖాళీ స్థలాలకు పన్ను ఉంది, కానీ ప్లాన్ పెట్టుకున్న రోజున బకాయిలన్నీ కలిపి కట్టడమే అందరికీ అలవాటు. ఏటేటా వసూలు చేస్తే కొందరైనా కడతారు, కట్టలేనివాళ్లు అమ్ముతారు.

కట్టాలనుకున్నవాడికి కూడా లెక్క కుదరదు. ఉదాహరణకు సైటు 30 లక్షలు, మూడు పోర్షన్లు కలిపి 2,400 చదరపు అడుగులు, అడుగుకు 2,000 చొప్పున కట్టుబడి 48 లక్షలు. మొత్తం 78. మూడు పోర్షన్లకూ తొమ్మిదేసి వేలు వస్తే ఏడాదికి 3.24 లక్షలు, అంటే నాలుగు శాతం చిల్లర మాత్రమే. హోమ్ లోన్ వడ్డీ అందుకు దాదాపు రెట్టింపు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. సిమెంటు బస్తా, స్టీలు టన్ను బెంగళూరులోనూ హిందూపురంలోనూ ఇంచుమించు ఒకే ధర. మేస్త్రీ కూలి కాస్త తేడా. అద్దె మాత్రం మూడో వంతు. అంటే చిన్న ఊళ్లో అద్దె కోసం ఇల్లు కట్టేవాడు ఎవడంటే, తాతల నాటి స్థలం చేతిలో ఉండి నేల ధర లెక్కలోకి తీసుకోనవసరం లేనివాడు. నేల పక్కన పెడితే అదే అద్దె కట్టుబడి మీద ఏడు శాతానికి దగ్గరగా వస్తుంది, అప్పుడు పర్వాలేదు. బెంగళూరులో ఇంటి యజమానులకు ఇంకో దారి ఉంది: భోగ్యం. కింది పోర్షన్ లీజుకిచ్చి, నెలనెలా అద్దెకు బదులు పది పదిహేను లక్షలు ఒకేసారి తీసుకుని పై అంతస్తు వేసేస్తారు. చిన్న ఊళ్లో అంత డబ్బు ఒక్కసారి పెట్టే అద్దెదారు దొరకడు.

అందుకే చిన్న ఊరికి ఒక ఫ్యాక్టరీ వస్తే అద్దెలు అంత విపరీతంగా ఎగబాకుతాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు. వాటిలో చేరిన కుర్రాళ్లు పెనుకొండలో, హిందూపురంలో, అనంతపురంలో ఇళ్లు వెతుక్కున్నారు. ఫ్యాక్టరీ రెండేళ్లలో లేచింది. అద్దె ఇళ్లు అలా లేవవు, ఎవరో ఒక్కొక్కరు తీరిక చూసుకుని ఒక్కో అంతస్తు వేసుకోవాలి. ఈలోగా ఉన్న ఇంటికే తలకింత అని అద్దె మొదలవుతుంది. నలుగురు బ్యాచిలర్లు తలా నాలుగు వేలు ఇస్తుంటే కుటుంబానికి పదివేలకు ఇవ్వమంటే ఎవరిస్తారు? మీకు హిందూపురంలో ఎదురైంది ఇదే. తమిళనాడు వాళ్లు శ్రీపెరుంబుదూరు వైపు దీనికి ఒక సూటి మార్గం పట్టారు: వల్లం వడగాల్ పారిశ్రామికవాడలో ఆ రాష్ట్ర పారిశ్రామిక అభివృద్ధి సంస్థ సిప్‌కాట్ 18,720 మంది మహిళా కార్మికులు ఉండగలిగే వసతి గృహాలు కట్టింది, 2024 ఆగస్టులో ప్రారంభించారు. హాస్టలులో జీవితం ఎలా ఉంటుందన్నది వేరే చర్చ. ఊళ్లోని అద్దె ఇళ్ల మీద ఒత్తిడి మాత్రం తగ్గుతుంది. ఫ్యాక్టరీకి భూమి, కరెంటు, పన్ను రాయితీ ఇచ్చే ఒప్పందంలోనే కార్మికుల వసతి సంగతి కూడా రాసుకుంటే మన వైపు సగం తలనొప్పి పోతుంది.

ఇక "బెంగళూరులా తయారవుతాయా" అన్న భయం. బెంగళూరు పాడైంది జనసాంద్రత వల్ల కాదని నా అభిప్రాయం. చాలామంది ఒప్పుకోరు, తెలుసు. 2007లో బీబీఎంపీ (బెంగళూరు మహానగర పాలక సంస్థ) ఏర్పడినప్పుడు చుట్టూ ఉన్న 110 గ్రామాలను నగరంలో కలిపేశారు. మారతహళ్లి, వర్తూరు వైపు మన తెలుగువాళ్లు దిగిన పేటలు చాలా వరకు ఆ పరిధిలోవే. ఇళ్లు, పీజీలు, ఆంధ్రా మెస్సులు వచ్చేశాయి. ఆ గ్రామాల కోసమని తలపెట్టిన కావేరి ఐదో దశ, రోజుకు 77.5 కోట్ల లీటర్లది, 2024 అక్టోబరులో ప్రారంభమైంది. మధ్యలో పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లూ బోరు, ట్యాంకరు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధర కట్టాల్సి వచ్చింది: ఐదు కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000. జనం ముందు, పైపు తర్వాత. బెంగళూరు జబ్బు ఇదే.

మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో ఒక మామూలు 30×40 బిల్డింగు చూడండి. కింద పార్కింగు, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు రెండు పోర్షన్లు, మేడ మీద రేకుల గది. ఆ సైజు సైటుకు ఇక్కడి మాస్టర్ ప్లాన్ ఇచ్చిన ఎఫ్‌ఏఆర్ (సైటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చన్న లెక్క) 1.75, అంటే 2,100 చదరపు అడుగులు. నిలబడి ఉన్నది అందుకు దాదాపు రెట్టింపు. ప్లాన్‌లో పక్కన వదిలిన మూడడుగుల సందు కట్టేటప్పటికి అడుగున్నరకు వస్తుంది. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి బాత్రూమ్ వెంటిలేటరు. మిట్టమధ్యాహ్నం ట్యూబ్‌లైటు వేసుకుని కూరగాయలు తరుగుతారు. ఎనిమిది కుటుంబాలకు 32 మంది, మనిషికి రోజుకు 135 లీటర్లు వేసుకుంటే 4,320 లీటర్లు. 6,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర రోజు కూడా రాదు. ఇలాంటివాటిని క్రమబద్ధం చేద్దామని కర్ణాటక తెచ్చిన అక్రమ సక్రమ 2017లో సుప్రీంకోర్టు స్టేతో ఆగిపోయింది. యజమానిని మాత్రం తిట్టలేం. అద్దెకు ఇల్లు కావాల్సినవాళ్లు వాకిట్లో నిలబడి ఉన్నారు, నిబంధన వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఇది ఇరుకు. దీన్ని చూసి సాంద్రత అంటేనే భయపడతారు. కానీ మీ పాత ఊరు గుర్తు చేసుకోండి. హిందూపురం పాతపేటలోనో, ధర్మవరం చేనేత వీధుల్లోనో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్క సందులు లేవు. వెలుతురు, గాలి మధ్యలోని మండువా నుంచి వస్తాయి. ముందు గదిలో మగ్గం గుంట, వెనక వంట, మధ్యలో ఆకాశం. ఇరవై అడుగుల వెడల్పు స్థలంలో ఉమ్మడి కుటుంబాలు బతికాయి. మనం రాసుకున్న నేటి నిబంధనలు ఆ రకం ఇంటిని మరిచిపోయి, చిన్న సైటుకు కూడా బంగళాలాగా పక్కన సందులు వదలమంటాయి. ఆ సందుల్లో గాలీ రాదు, మనిషీ పట్టడు, ఎలుకలు తిరుగుతాయి. ఉమ్మడి గోడలు, మధ్యలో చిన్న ఖాళీ, పైకి మూడంతస్తులు. చిన్న ఊళ్లకు నేను చెప్పే సాంద్రత ఇది.

టవర్లకు నేను వ్యతిరేకిని కాను, కానీ చిన్న ఊళ్లలో అవి ఆదా చేసేది తక్కువ. నాలుగంతస్తులు దాటితే లిఫ్టు, జనరేటరు, అగ్నిమాపక ఏర్పాట్లు, వాటి నెలవారీ నిర్వహణ అన్నీ అద్దెలో కలుస్తాయి. అసోసియేషన్‌కు డబ్బు కట్టే అలవాటు లేని చోట రెండో ఏడాదికే లిఫ్టు ఆగుతుంది. నిబంధన అడ్డమా అంటే అదీ కాదు. హోసూరు తమిళనాడులో ఉంది, అక్కడ 2019 నాటి ఉమ్మడి భవన నిబంధనల ప్రకారం 18.3 మీటర్ల ఎత్తు లోపు కట్టడాలకు ఎఫ్‌ఎస్‌ఐ (ఎఫ్‌ఏఆర్‌కే అక్కడి పేరు) 2. అంటే 1,200 అడుగుల సైటులో 2,400 కట్టుకోవచ్చు. అంతకు మించి అక్కర్లేదు కూడా.

టిడ్కో ఇళ్ల సంగతి చాలామంది ఉదాహరణగా తెస్తారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లతో ప్రభుత్వం కట్టించిన జీ ప్లస్ త్రీ (కింద ఒకటి, పైన మూడు అంతస్తులు) బ్లాకులు. ఇంజినీరుగా చెప్పాలంటే గోడలు గట్టివే, ఇటుకలకు బదులు కాంక్రీటుతో షియర్ వాల్ పద్ధతిలో పోసినవి, అంతస్తులు కూడా సరైన సంఖ్యే. చాలా చోట్ల దెబ్బతిన్నది స్థలం ఎంపికలో. ఊరికి దూరంగా కట్టారు, బ్లాకులు లేచాక కూడా నీళ్లు, మురుగు, రోడ్డు కోసం ఏళ్లు పట్టింది. ఆ తర్వాత 2020 డిసెంబరులో పట్టణ పేదలకు సెంటు చొప్పున ఇచ్చిన స్థలాల్లోనూ అదే చిక్కు: సెంటు అంటే 435 అడుగులు, చిన్నదే, కానీ చిన్నదవడం కంటే దూరమవడమే పెద్ద సమస్య. ఏ పార్టీ హయాం అన్నది వదిలేయండి. కూలికి వెళ్లి రావడానికి రోజుకు వంద రూపాయలు ఆటోకు పోతే ఉచితంగా వచ్చిన ఇల్లు కూడా ఖరీదైనదే. కేంద్రం పీఎం ఆవాస్ యోజన పట్టణ పథకంలో కూడా మంజూరైన ఇళ్లలో ఎక్కువ భాగం సొంత స్థలంలో కట్టుకునేవాళ్లవి. స్థలం లేని అద్దెదారుకు అందులో దక్కింది తక్కువ.

హోసూరు విషయం త్వరగా ముగిస్తాను. టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్‌లతో పెరిగిన ఊరు, ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలూ తోడయ్యాయి. 2019లో కార్పొరేషన్ అయింది. ఇళ్లకు గిరాకీ అక్కడి ఉద్యోగాల నుంచే వస్తోంది, బెంగళూరు నుంచి తప్పించుకొచ్చేవాళ్లు దానికి అదనం. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర వరకు పసుపు మెట్రో లైను వచ్చింది గానీ మీకు దాంతో పెద్ద పని లేదు, ఆఫీసు సగం దారిలోనే ఉంది. అత్తిబెలె దాటి వచ్చే బస్సులే మీకు దిక్కు. తీసుకుంటే బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో తీసుకోండి, బాగలూరు రోడ్డులో లోపలికి వెళ్లిన లేఅవుటులో అద్దె రెండు వేలు తక్కువని వెళ్లకండి. ఇల్లు చూసేటప్పుడు హొగెనక్కల్ నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయి, మురుగు లైనుందా సెప్టిక్ ట్యాంకా, ఏప్రిల్‌లో ట్యాంకరు ఎవరు తెప్పిస్తారు, ఈ మూడూ ఓనరును కాకుండా పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లను అడగండి. అద్దె ఒప్పందం తమిళనాడు చట్టం ప్రకారం రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. పదకొండు నెలల కాగితం చాలంటారు, ఒప్పుకోకండి.

హిందూపురం నుంచి వారానికి రెండు రోజులు రావడం చేయదగ్గదే గానీ, రైలు మిమ్మల్ని యశ్వంతపురమో మెజెస్టికో దించుతుంది. అక్కడి నుంచి ఆకుపచ్చ లైను, ఆర్వీ రోడ్డులో మారి పసుపు లైను. ఒక్కో వైపు మూడు గంటలు పైమాటే. ఒక రాత్రి బెంగళూరులో ఎవరింట్లోనైనా ఉండగలిగితేనే ఆలోచించండి.

ప్లాటు, పెంకుటిల్లు: నన్నడిగితే ప్లాటు అమ్మండి, ఇల్లు ఉంచండి. లేపాక్షి రోడ్డు ప్లాటుకు ముందు లేఅవుటు అనుమతి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే క్రమబద్ధీకరణ అయ్యాకే మంచి ధర పలుకుతుంది. వచ్చిన డబ్బుతో పాత ఊళ్లో కింద మీకు, పైన రెండు పోర్షన్లు అద్దెకు. పైపు ఉంది, బజారు ఉంది, బడి నడక దూరం. నేల ఖర్చు లేదు కాబట్టి పైన చెప్పిన ఏడు శాతం లెక్క మీకు వర్తిస్తుంది. మండువా మూసేయకండి, పై అంతస్తుల దాకా తెరిచే ఉంచండి, మేస్త్రీ ఎంత చెప్పినా సరే. అతనికి అది వృథా స్థలంలాగే కనిపిస్తుంది. పాత ఇరుకు ప్రాంతాలకు సందుల విషయంలో ఏ సడలింపు వర్తిస్తుందో మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ప్లాన్ వేయించండి.

కూల్చే ముందు మాత్రం రెండు వైపులా పక్కిళ్లతో ఉన్న ఉమ్మడి గోడలు ఇంజినీరుకు చూపించండి. పాత ఇళ్లలో పక్కవాళ్ల దూలాలు మీ గోడలోకి దిగి ఉంటాయి, బయటికి తెలియదు, పెంకు దించి మట్టి గోడ గీకితేనే కనబడతాయి. ఆ దూలాలకు పోట్లు పెట్టి, రెండు కుటుంబాలతో స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకున్న తర్వాతే గడ్డపార దించండి. కొలతలు, నాలుగు వైపులా ఫోటోలు పంపితే మొదటి స్కెచ్ నేను వేసి ఇస్తాను.